చిన్న డ్రైవర్ మీద నా అనుమానం

కోదాడలో డాక్టరమ్మ గారి ఇంట్లో, సోఫా మీద పాత తువ్వాలు పరిచి, దాని మీద ఒక గోల్ఫ్ కర్రను పడుకోబెట్టారు. చూడగానే ఇది చిన్నపిల్లలదేమో అనిపించింది. ఆ వెంటనే, మామ నన్ను ఇక్కడికి ఎందుకు తీసుకొచ్చినట్టు అనిపించింది.

గోల్ఫ్‌లో ప్రతి గుంతకూ మొదటి దెబ్బ ఒకటి ఉంటుంది. నేలలో గుచ్చిన చిన్న పుల్ల మీద బంతిని నిలబెట్టి, సంచిలో ఉన్న అన్ని కర్రల్లోకీ పొడుగుదానితో, ఎంత దూరం పోతే అంత దూరం కొడతారు. ఆ పొడుగు కర్రను డ్రైవర్ అంటారు. అప్పటిదాకా నేను కొడుతున్నది మామ పాత డ్రైవర్. దాని తల పెద్ద వంకాయలా నల్లగా నున్నగా ఉంటుంది. వంకాయ అన్నానే కానీ నిజానికి రెండు వంకాయలంత. సోఫా మీద ఉన్నదాని తల అందులో సగం కంటే కొంచెం ఎక్కువ. కర్ర కూడా పొట్టి.

"కూర్చోమ్మా," అన్నారు డాక్టరమ్మ. "మీ మామయ్య చెప్పారు. ఏం చదువుకున్నావు?"

"అన్ని పుస్తకాలు సదివింది డాక్టరమ్మా," అన్నాడు మామ. "మాట్లాడుడొక్కటే సదవలే."

నేను నవ్వినట్టు ముఖం పెట్టాను. ఆ తర్వాత మామ ఫోన్ మోగింది, ఆయన వరండాలోకి వెళ్లాడు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. మా అమ్మ తమ్ముడు మిర్యాలగూడలో రైస్ మిల్లు నడుపుతాడు. షుగర్ వచ్చాక నడవమని చెబితే నడవలేదు. ఎవరో బంతి చేతిలో పెడితే, దాని వెంట నడవడం మొదలుపెట్టాడు. హైదరాబాద్ అవతల ఒక క్లబ్బులో సభ్యుడయ్యాడు. ఆదివారం అంత దూరం ఒక్కడే కారు నడుపుతాడని అత్తకు భయం. మేనకోడలు వారమంతా ఇంట్లోనే ఉంటుంది కదా, తోడు పోతుందని నన్ను పట్టుకున్నారు. నేను సూర్యాపేటలో మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని కంప్యూటర్ మీద ఒక కంపెనీకి పనిచేస్తాను. శనివారం బస్సులో మిర్యాలగూడ వెళ్తే ఆదివారం మామతో క్లబ్బు. మొదట్లో చెట్టు కింద కూర్చుని చదువుకోవడానికి పుస్తకం తీసుకెళ్లేదాన్ని. ఒకరోజు మామ కాఫీకి వెళ్లినప్పుడు, ఎవరూ లేరని చూసి ఆయన కర్రతో ఒక బంతి కొట్టాను. అది పోయింది. ఎక్కడికి పోయిందో చూడలేదు కానీ, చేతుల్లోంచి భుజాల దాకా ఒక మంచి కబురులాంటిది పాకింది.

నాకు ఆ ఆటలో అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. ఒకరు కొట్టేటప్పుడు మిగతావాళ్లు మాట్లాడకూడదు. కదలకూడదు కూడా. పెళ్లిళ్లలో ప్లేటు పట్టుకుని గోడ పక్కన నిలబడే మనిషిని నేను. నలుగురు మనుషులు కలిసి, ఎవరూ ఎవరినీ ఏమీ అడగకుండా నిలబడే చోటు ఒకటి ఉందని అంతకుముందు నాకు తెలియదు. ఆ చోటు నాకు కావాలనిపించింది. అలా ఏదైనా కావాలనిపించడం నాకు తరచుగా జరిగేది కాదు.

మామ తన పేరు మీద ఇంట్లోవాళ్లను ఒక్కరిని ఆడించుకోవచ్చు. కానీ ఆ ఒక్కరూ ముందు క్లబ్బువాళ్ల ఎదుట కొట్టి చూపించాలి. డ్రైవర్‌తో ఐదు బంతులు కొడితే మూడు మధ్యలో కత్తిరించిన గడ్డి దారిలో పడాలి. రెండు అవకాశాలు ఇస్తారు. మొదటిసారి నా బంతులన్నీ, ముందే మాట్లాడుకున్నట్టు, కుడివైపు తుమ్మ పొదల్లోకి పోయాయి. తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన చూసి, ఇంకొంచెం ప్రాక్టీసు చేసి రమ్మన్నాడు. రెండోసారీ పోతే నా సంగతి అంతే. మామ ఇంకొకరి పేరు రాసుకోవచ్చు.

ఆ ఇంకొకరు ఎవరో మాకందరికీ తెలుసు. అత్త తమ్ముడు, వరుసకు నాకు బాబాయి. మిర్యాలగూడలోనే మోటార్ల షాపు. మామ క్లబ్బులో చేరిన రోజు నుంచి ఆయనకు కూడా గోల్ఫ్ మీద ప్రేమ పుట్టింది.

డాక్టరమ్మ కర్ర తీసి నా చేతిలో పెట్టారు. ఆవిడ పిల్లల డాక్టరుగా చేసి మానేశారు. మామకు క్లబ్బులోనే పరిచయం.

"నేను ఆఖర్న దీనితోనే ఆడాను," అన్నారు. "పొట్టిది కాబట్టి చేతికి లొంగుతుంది. ముఖం కాస్త వెనక్కి వాలి ఉంటుంది చూడు, అందుకని బంతి పైకి లేస్తుంది. సరిగ్గా మధ్యలో తగలకపోయినా మరీ అడ్డదిడ్డంగా పోదు. మన్నిస్తుందమ్మా ఇది."

"మరి ఎందుకు ఇచ్చేస్తున్నారండీ?"

ఆ మాట అడగడానికి నేను లోపల రెండుసార్లు రిహార్సల్ చేసుకున్నాను.

"ఇది మన్నిస్తుంది గానీ మోకాళ్లు మన్నించట్లేదుగా," అన్నారావిడ. "తీసుకెళ్లి కొట్టి చూడు. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయండి. తొందరేం లేదు."

అంత సులువుగా ఇచ్చేస్తుంటే నాకు ఇంకా అనుమానం పెరిగింది. మన్నించే వస్తువుల మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే మన్నించే గిన్నెను నేనెక్కడా చూడలేదు. పిల్లల సైకిలుకు వెనక రెండు చిన్న చక్రాలు పెడతారు. వాటితో తొక్కేవాళ్లను ఎవరూ సైకిలు వచ్చినవాళ్లని అనరు.

కర్రను వెలుతురులో తిప్పి చూస్తూ కిటికీ దగ్గరికి వెళ్లాను. బయట మామ మాటలు వినిపించాయి.

"జర ఆగు బామ్మర్ది. పిల్ల సంగతి తేలనియ్యి. గీ నెలలనే తేలుతది." కాసేపు అవతల ఎవరో మాట్లాడారు. "ఆ, చిన్నదే ఇప్పిస్తున్న. గదే, చిన్నదే."

నేను కర్రను మళ్లీ తువ్వాలు మీద పడుకోబెట్టాను. డాక్టరమ్మ దాన్ని అదే తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చారు.

హుజూర్‌నగర్ దాటేదాకా కారులో నేను కాళ్ల దగ్గర పెట్టిన తువ్వాలు చుట్టనే చూస్తూ కూర్చున్నాను. మామ బండి ఆపి బజ్జీలు కొన్నాడు. పొట్లం నా ఒళ్లో పెట్టాడు.

"ఏమైంది బిడ్డా, ముఖం గట్ల వెట్టినవ్?"

"ఏం లేదు మామా."

"నువ్వు ఏం లేదంటే ఏదో ఉన్నట్టే. డాక్టరమ్మ పెండ్లి సంగతి అడిగిందా?"

"లేదు."

"మరి గంత సీరియస్ ఎందుకు. కర్ర మంచిగున్నది. నీకు సరిపోతది."

'నీకు' అన్న మాటను నేను మిర్యాలగూడ వచ్చేదాకా నమిలాను. బజ్జీలు చల్లారిపోయాయి.

ఆ వారం ఆ కర్రను సూర్యాపేట తీసుకెళ్లాను. మేడ మీద గాలిలో ఊపి చూసుకోవచ్చని చెప్పాను కానీ, అసలు సంగతి, ఒంటరిగా కూర్చుని దానిలో లోపమేదో పట్టుకోవాలని. దిండు గలీబులో దూర్చి బస్సెక్కాను. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి, గలీబు వైపు చూశాడు.

"నీకైతే జీరో టికెట్. దీనికేం కొట్టాలె?"

నేను చెప్పేలోపు ముందు సీటులో ఒక ఆమె, "గొడుగు గావచ్చు," అంది. పక్కనున్నామె గలీబును పట్టుకుని చూసి, "గింత బరువు గొడుగు యాడుంటది. కొంగల గొట్టే తుపాకి గావచ్చు," అంది.

"కర్ర," అన్నాను.

"కర్రనా," అన్నాడు కండక్టరు. "మంచిపని చేసినవు. గీ బస్సుల సీటు దొరకాలంటే అదే ఉండాలె."

అందరూ నవ్వారు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంట్లో అమ్మ దాన్ని గలీబులోంచి తీసి, అటూ ఇటూ తిప్పింది.

"మా తమ్ముడు ఇచ్చిండా?"

"ఇప్పించాడు."

"ఊకెనే?"

"నచ్చితే ఆయనే కొంటాడట."

అమ్మ కర్రను గోడకు ఆనించి కూరగాయల ముందు కూర్చుంది. "మా తమ్ముడు ఊకెనే ఏదీ ఇయ్యడు," అంది. "చిన్నప్పుడు నాకు జామకాయ ఇచ్చిండంటే అండ్ల పురుగన్న ఉండాలె, నాతోని లెక్కలన్న చేయించుకోవాలె."

అమ్మ సరదాకే అని ఉండొచ్చు. కానీ నాకు ఆ సాయంత్రం అది సాక్ష్యంలా కనిపించింది. డైరీలో బాబాయి గురించి, మామ గురించి పేజీ నిండా రాశాను. రాసినకొద్దీ అన్నీ సరిగ్గా అమరాయి. చిన్న కర్ర ఇస్తే బంతి దూరం పోదు. దూరం పోకపోతే పరీక్ష పోతుంది. పరీక్ష పోతే ఎవరి తప్పూ ఉండదు. అత్తకు మాటొస్తుందా, రాదు. మామ తన మేనకోడలికి కోదాడ దాకా పోయి కర్ర కూడా ఇప్పించాడు, ఇంకేం చేస్తాడు అంటారు. చాలా తెలివైన ఏర్పాటు అనిపించింది. మామ అంత తెలివిగా ఆలోచించగలడా అని కూడా ఒక అనుమానం వచ్చింది, కానీ దాన్ని పక్కన పెట్టాను.

మరుసటి శనివారం మిల్లులో రెండు కర్రలతోనూ కొట్టి చూశాం. మామ మిల్లు వెనక ధాన్యం ఆరబోసే సిమెంటు యార్డు ఉంది. కోతలు లేని రోజుల్లో అది ఖాళీ. ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి చీపురుపుల్లలా కనిపిస్తాడు. కుడివైపు పొడుగునా గోదాం గోడ, ఎడమవైపు ఊక పోసే జాగా. ఈ చివర పచ్చ చాప వేసి, దాని మీద రబ్బరు పుల్ల పెట్టి, నేను ఆరు నెలలుగా అక్కడే నేర్చుకున్నాను.

ముందు చిన్నదానితో కొట్టాను. బంతి ఎత్తుగా లేచింది. దూరంగా పడి, రెండు మూడుసార్లు ఎగిరి, యార్డు సగం దాటి కొంచెం ముందుకు పోయి ఆగిపోయింది. ఇంకొకటి. అదీ అక్కడికే. పెద్దదానితో కొట్టాను. అది కిందగా, బుసకొట్టినట్టు పోయి, సిమెంటు మీద దొర్లి దొర్లి ఆ చివర కాలువ దగ్గర ఆగింది. మళ్లీ కొట్టాను. మళ్లీ కాలువ దాకా.

"పెద్దదే పోతోంది మామా," అన్నాను. గొంతులో ఏదో గెలిచినట్టు వినబడింది, దాచుకోలేకపోయాను.

మామ తల గోక్కున్నాడు. "అవునేందో. డాక్టరమ్మ కొడితే గిట్ల లేకుండె."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడో, నటించాడో తెలియలేదు. అప్పుడే అత్త చాయ్ తెచ్చింది.

"మా తమ్ముడు మొన్న కొడితే గోడ అవతల వడ్డది," అంది.

"నీ తమ్ముడు కొట్టింది బంతిని గాదు, భూమిని. చాప చినిగింది సూడు. గోడ అవతల వడ్డది వాని చెప్పు."

"చెప్పయినా దూరం పోయింది గదా," అంది అత్త. కప్పులు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి నేను నిర్ణయించుకున్నాను. పరీక్షకు రెండు కర్రలూ పట్టుకెళ్తాను. కారులో చిన్నది పైన కనిపించేలా పెడతాను. అక్కడికి వెళ్లాక పెద్దది తీస్తాను. అందరి ముందు మామ నన్ను ఆపలేడు. మొదటిసారి ఎందుకు పోయిందో మామ చెప్పనే చెప్పాడు: "నలుగురు సూస్తే నీ చేతులు బిగుసుకపోతయి బిడ్డా. గీడ మన యార్డుల మంచిగనే కొడ్తవు గదా." అది నిజమేనని నేనూ ఒప్పుకున్నాను. నలుగురు చూస్తే నా చేతులే కాదు, అన్నీ బిగుసుకుపోతాయి. ఈసారి ఎవరినీ చూడకుండా కొడతాను. అంతే.

తర్వాతి శనివారం నేను మిల్లుకు చేరేసరికి గేటు లోపల ఒక ట్రాక్టరు ఆగి ఉంది. పాత నిల్వ వడ్లు అమ్మడానికి ఒక రైతు వచ్చాడు. మామ బస్తా మూతి వైపు చూడనైనా లేదు. గుచ్చి ధాన్యం తీసే ఇనుప గొట్టంతో బస్తా అడుగున పొడిచాడు, పక్కన పొడిచాడు, మధ్యలో పొడిచాడు.

"ఏం సేటూ, మా వడ్లు దొంగలా ఏంది, గట్ల పొడుస్తున్నవ్," అన్నాడు రైతు.

"దొంగలు గాదు. అడుగున పండుకున్నయి, లేపుతున్న," అన్నాడు మామ. గొట్టంలోంచి వచ్చిన గింజలను అరచేతిలో పరిచి, ఒకటి పంటి కింద పెట్టి కొరికాడు. "మీదివి ఎండినయి. అడుగువి పచ్చిగున్నయి."

"మీదివి సూడరాదు మరి."

"మీదివి నువ్వు సూపిస్తవు. అందుకే నేను అడుగువి సూస్తా."

వాళ్లు ధర దగ్గర మొదలుపెట్టారు. నేను అక్కడ నిలబడలేక యార్డులోకి నడిచాను. నాకు మామ మీద కోపంగానే ఉంది, అయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఎవరైనా చూపించేది కాకుండా అడుగున ఉన్నది చూడాలి. నేను యార్డులో ఏం చూశాను? బంతి ఎక్కడ ఆగిందో చూశాను. అది ఎక్కడ పడిందో చూడలేదు. ఎలా వెళ్లిందో కూడా సరిగ్గా చూడలేదు. కొట్టాక తల ఎత్తేసరికి అది ఎప్పుడూ సిమెంటు మీద దొర్లుతూనే ఉండేది.

గోదాం గోడ పక్కనుంచి నడుస్తుంటే వెల్ల మీద గుండ్రటి మచ్చలు కనిపించాయి. ఒకటి, దానికి కొంచెం అవతల ఇంకొకటి. నా నడుము ఎత్తులో కొన్ని, తల ఎత్తులో కొన్ని, వరసగా, చాలా దూరం. సున్నం రాలి లోపలి సిమెంటు కనిపిస్తోంది. ఒక మచ్చ మీద వేలు పెట్టాను. సరిగ్గా బంతి అంత ఉంది.

మొదట బాబాయి కొట్టినవేమో అనుకున్నాను. కానీ ఆయన బంతికి తగిలించలేదని మామే చెప్పాడు. మామ ఇక్కడ డ్రైవర్ కొట్టడు, చిన్న కర్రలే కొడతాడు. ఇవన్నీ నావే.

పెద్ద డ్రైవర్‌తో నేను కొట్టిన బంతులు యార్డులోనూ కుడివైపుకే పోయాయి, హైదరాబాద్‌లో తుమ్మల్లోకి పోయినట్టే. ఇక్కడ తుమ్మలు లేవు, గోడ ఉంది. గోడ వాటిని తిరిగి యార్డు మధ్యలోకి తోసింది, మిల్లు మోతలో ఆ చప్పుడు మాకు తెలియలేదు. సిమెంటు వాటిని కాలువ దాకా దొర్లించింది. నేను, మామ ఇద్దరం ఆ చివరికి నడిచి వెళ్లి, మధ్యలో ఆగి ఉన్న బంతులను చూసి సంతోషపడ్డాం. వాన పడని సిమెంటు మీద, గోదాం గోడ పక్కన గోల్ఫ్ నేర్చుకున్నవాళ్లు ఇంకెవరూ ఉండరు కాబట్టి, ఈ తప్పు కూడా ఇంకెవరూ చేసి ఉండరు.

చేతులు బిగుసుకుపోవడం వల్ల కాదు అన్నమాట. నేను ఎక్కడైనా ఒకేలా కొడుతున్నాను.

మామను పిలవలేదు. పచ్చ చాపను ఈడ్చుకెళ్లి, ఎడమవైపు ఊక పోసే జాగాకు ఎదురుగా వేశాను. బాయిలర్‌లో ఊక కాల్చడం తగ్గించి చాలా రోజులైంది. మోకాలి లోతున, పరుపులా పరుచుకుని ఉంది. అందులో బంతి పడితే దొర్లదు. చిన్న గుంట చేసి అక్కడే ఉండిపోతుంది. పెద్దదానితో ఒక బుట్టెడు కొట్టాను. చిన్నదానితో ఒక బుట్టెడు. మధ్యలో ఒక ఆలోచన వచ్చి, రెండు కర్రల ముఖాలకూ తడిగుడ్డ తుడిచి కొంచెం తవుడు అద్దాను. బంతి తగిలినచోట తవుడు పోయి మచ్చ పడుతుంది.

మచ్చలు రెంటిలోనూ అటూ ఇటూగానే ఉన్నాయి. నేను మధ్యలో కొట్టేది ఎప్పుడో ఒకసారి. చిన్నదానితో ఏదో అద్భుతంగా కొడుతున్నానని చెప్పుకోవడానికి ఏమీ లేదు. కానీ ఊకలోకి దిగి చూస్తే, పెద్దదాని గుంటలు కుడివైపు చెల్లాచెదురుగా, కోళ్లు కెలికినట్టు ఉన్నాయి. కొన్ని నా ముందే పడ్డాయి, ఒకటి రెండు మాత్రం చాలా దూరం. చిన్నదాని గుంటలు ఒక మంచం వేయగలిగినంత... కాదు, రెండు మూడు లారీలు నిలిపేంత జాగాలో ఉన్నాయి. కానీ అన్నీ అక్కడే ఉన్నాయి. పెద్దదానివి ఆ ఒకటి రెండు తప్ప, వీటి కన్నా దూరం పోయినవి కూడా లేవు.

నేను చేసిన తప్పులు చిన్నదాని జాగాలోనూ ఉన్నాయి. అవి కొంచెం దగ్గరగా పడ్డాయి, అంతే. మన్నించడమంటే డాక్టరమ్మ చెప్పింది ఇంత చిన్న సంగతి అని నాకు తెలియలేదు. ఇంత చిన్నది కాబట్టే నమ్మబుద్ధి అయింది.

మామ వెతుక్కుంటూ వచ్చి, ఊకలో మోకాళ్ల దాకా దిగి ఉన్న నన్ను చూశాడు.

"గా ఊకల ఏం జేస్తున్నవ్? పాములుంటయి."

గోడ చూడమన్నాను. ఆయన గోడ దగ్గరికి వెళ్లి, ఒక్కో మచ్చ తాకుతూ చాలా దూరం నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు నా వైపు చూడలేదు.

"ఇన్నొద్దులు గోడకు మార్కులేసిన్నా నేను," అన్నాడు.

తర్వాత ఊకలో గుంటలు చూశాడు. ఏ గుంటలు ఏ కర్రవో నేను చెప్పకముందే తెలుసుకున్నాడు.

ఇంత తెలిసినా మామ మీద నా అనుమానం పోలేదు. చిన్న కర్ర మంచిదే. కానీ ఆ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసింది కదా. కోదాడలో ఫోనులో "చిన్నదే ఇప్పిస్తున్న" అన్నప్పుడు ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడు? మంచి కర్రను చెడ్డదనుకుని ఇప్పించాడేమో. అడిగితే చెప్పేవాడేమో, కానీ ఏమని అడగాలి? పరీక్షలో పాసై చూపిస్తే ఆయన ముఖం చూసి తెలుసుకోవచ్చు అనుకున్నాను. అప్పటి నుంచి నాకు పరీక్ష పాసవ్వడం ఎంత ముఖ్యమో, ఆ ముఖం చూడడమూ అంతే ముఖ్యమైంది.

పరీక్ష రోజు తెల్ల టోపీ పెద్దమనిషే వచ్చాడు. నేను చిన్న డ్రైవర్ తీశాను. ఆయన దాని తల చూసి, నా వైపు చూసి, కాగితం తీశాడు. వెనక ఇంకో నలుగురు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. నియమం ప్రకారం ఎవరూ మాట్లాడలేదు.

మొదటి బంతి కుడివైపు వంగింది. నా గుండె తుమ్మల వైపు పరుగెత్తింది. కానీ బంతి అంత దూరం పోలేదు, గడ్డి అంచు లోపలే పడింది. పెద్దమనిషి కాగితం మీద గీత గీశాడు. రెండోది పైభాగం తగిలి, నేల మీదే కప్పలా గెంతుతూ పోయింది. అయినా గడ్డిలోనే ఆగింది. దానికి గీత గీయడానికి ఆయన కాసేపు ఆలోచించాడు. మూడోది తుమ్మల్లోకి పోయింది. అది ఏ కర్రా ఆపలేనిది, అది పూర్తిగా నాది. నాలుగోది కొట్టేముందు నా వెనక మామ ఊపిరి వినబడింది. నియమం ప్రకారం ఊపిరికి అనుమతి ఉంది. నాలుగోది ఎత్తుగా లేచి, మధ్యలో పడి, అక్కడే ఉండిపోయింది.

ఐదోది కొట్టాల్సిన పని లేదన్నాడు పెద్దమనిషి. నేను కొడతానన్నాను. ఎందుకన్నానో తెలియదు. అది కూడా లోపలే పడింది. ఆయన నవ్వకుండా సంతకం పెట్టి, కాగితం నాకిచ్చాడు.

మామ ముఖం చూద్దామని తిరిగాను. ఆయన అక్కడ లేడు. అప్పటికే అవతల చెట్టు కింద ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు. నేను వెళ్లి ఆయన వెనక ఆగాను. దొంగచాటుగా వినడం ఈసారి కావాలనే చేశాను.

"పాసైంది బామ్మర్ది," అంటున్నాడు. "ఆ. చిన్నదానితోనే. నేను జెప్తే విన్నవా, పిల్లకు మంచి కర్ర ఇప్పిస్తున్న, అది పాసైతదని. ఇగ ఏం జేస్తం, క్లబ్బోళ్ల రూలు, ఒక్కరికే. నాకు మాత్రం బాధ ఉండదా?"

గొంతు బాధగానే ఉంది. కానీ పక్కనుంచి కనిపిస్తున్న ముఖం, కళ్లజోడు మార్చిన రోజు పేపరు చదువుకునేవాడి ముఖంలా వెలిగిపోతోంది. ఫోన్ పెట్టేసి తిరిగి, నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఎంతసేపాయె వచ్చి?"

"బాధ దగ్గర నుంచి."

మామ చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "మీ అత్తకు జెప్పకు. వాడు క్లబ్బుల చేరితే నేను ఆట బందు వెట్టాలె. మిర్యాలగూడ నుంచి గీడిదాక కారుల మోటార్ల సంగతి చెప్తనే ఉంటడు. గీడ పద్దెనిమిది గుంతలు నడుసుకుంట చెప్తడు. మళ్ల తిరిగి పోంగ చెప్తడు. నువ్వు ఫెయిలైతే నేను ఏడ వడి సావాలె?"

"అందుకేనా కోదాడ దాకా తీసుకుపోయింది?"

"మరి. నీకు పాసయ్యే కర్ర కావాలె. డాక్టరమ్మను ఎన్నిసార్లు బతిమిలాడిన్నో ఆమెనే అడుగు." ఆ తర్వాత, నన్ను సంతోషపెట్టాలని కాబోలు, అన్నాడు: "నువ్వు మాట్లాడవు బిడ్డా. గదే మంచిగున్నది నీతోని."

నా అనుమానం అబద్ధం కాదన్నమాట. కర్ర వెనక ఒక సంగతి ఉంది, ఆ సంగతి బాబాయే. దాని దిక్కు మాత్రం నేను తప్పుగా చూశాను. నాకు నవ్వు వచ్చింది, కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. మామ నన్ను ఎంచుకున్నది నా దెబ్బ చూసి కాదు, నా నోరు చూసి.

ఆ రోజే మొదటిసారి అసలు మైదానంలో ఆడనిచ్చారు. మొదటి దెబ్బ ఇద్దరం కొట్టాం. నాది ఆయనదాని కన్నా వెనకే పడింది, కానీ దారి మధ్యలో. బంతుల వైపు నడుస్తుంటే నాకు ఆగలేదు. కోదాడలో కిటికీ దగ్గర విన్నది చెప్పాను. 'నీకు' అన్న మాట గురించి చెప్పాను. అమ్మ చెప్పిన జామకాయ గురించి, డైరీలో రాసిన పేజీ గురించి, రెండు కర్రలూ తెచ్చి అందరి ముందు పెద్దది తీద్దామనుకున్న పథకం గురించి, ఆయన అంత తెలివైనవాడా అని వచ్చిన అనుమానం గురించి కూడా చెప్పాను. ఒకదాని వెనక ఒకటి, ఆపకుండా. నేను అంతసేపు మాట్లాడడం నేనే ఎప్పుడూ వినలేదు.

మామ కొంతదూరం విన్నాడు, ఇంకొంతదూరం విన్నాడు. చివరికి ఆగి, నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"గిదంతా లోపల వెట్టుకొని తిరుగుతున్నవా?" అన్నాడు. "నిన్ను దెచ్చుకొని నేనే మోసపోయినట్టున్న."

అప్పటికి నా బంతి దగ్గరికి వచ్చాం. కొట్టాల్సింది నేనే. మామ పక్కకు జరిగి నిలబడ్డాడు, ఇద్దరం మాటలు ఆపాం.